నకిలీ లిస్టింగు తీసేయించిన వారానికే మళ్లీ మొలుస్తోంది, తప్పెక్కడ జరుగుతోంది?

వేగుచుక్క
మాది నీళ్ల ఫిల్టర్ కార్ట్రిడ్జులు తయారుచేసే చిన్న కంపెనీ. ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో మా పేరు పెట్టుకుని నలుగురు సెల్లర్లు అమ్ముతున్నారు. ఇద్దరు మా లిస్టింగు మీదకే ఎక్కి, అంటే మా అమ్మకపు పేజీలోనే తామూ చేరి, ధర తగ్గించి పెట్టారు. మిగతా ఇద్దరూ మా ఫోటోలు ఎత్తుకెళ్లి వేరే పేజీలు తెరిచారు. మూడు ఫిర్యాదులు పెట్టాను. మొదటిది "సమాచారం చాలదు" అని తిప్పి పంపారు. రెండోదానికి పేజీ తీసేశారు గానీ, తొమ్మిదో రోజుకల్లా ఇంకో సెల్లర్ పేరుతో అదే పేజీ మళ్లీ వచ్చింది. మూడోదానికి ఉలుకూ పలుకూ లేదు. ఫారంలో ట్రేడ్‌మార్కు, కాపీరైటు, పేటెంటు, డిజైన్ అని నాలుగు గళ్లుంటే నాలుగూ టిక్ పెట్టాను. నలుగురు సెల్లర్లనీ ఒకే ఫిర్యాదులో రాశాను. అమ్మకాల సంగతి సరే, లోపల ఏం కూరారో తెలియని గొట్టం గుండా జనం నీళ్లు తాగుతున్నారు. అదే నిద్ర పట్టనివ్వట్లేదు.

గుమాస్తా77
నాలుగు గళ్లూ టిక్ పెట్టారు చూశారా, దెబ్బ అక్కడే పడింది. ఒక్కో హక్కుకి ఒక్కో రకం ఆధారం కావాలి. పేటెంటు గడి నింపి పేటెంటు నంబరు ఇవ్వకపోతే ఆ ఒక్క లోపంతో మొత్తం ఫిర్యాదు వెనక్కి వస్తుంది. ఒక ఫిర్యాదు, ఒక సెల్లర్, ఒక హక్కు. ఇది పట్టుకోండి.

మీ నలుగుర్నీ రెండు జతలుగా విడదీయండి. వేరే పేజీలు తెరిచినవాళ్ల మీద ఫోటోల కాపీరైటు, పేజీ టైటిల్లో మీ పేరు వాడినందుకు ట్రేడ్‌మార్కు, రెండూ పని చేస్తాయి, విడివిడిగా పెట్టాలి. మీ లిస్టింగు మీద ఎక్కినవాళ్ల మీద మాత్రం కాపీరైటు పారదు. ఆ పేజీలో ఉన్నవి మీరే ఎక్కించిన ఫోటోలు, వాళ్లు కొత్తగా ఏదీ కాపీ చేయలేదు. వాళ్లు పంపే వస్తువు నకిలీ అని చూపించాలి. అంటే కొని చూడాల్సిందే.

నీలిముద్ర
ముందు అసలు ప్రశ్న. మార్కు ఏ దేశంలో రిజిస్టరైంది? ఏ క్లాసులో? ఆ సెల్లర్లు ఏ దేశపు సైట్లో అమ్ముతున్నారు?

వేగుచుక్క
పేరు మా దేశంలో క్లాసు 11లో రిజిస్టరైంది. లోగోకి అప్లికేషన్ వేసి నాలుగు నెలలైంది, ఇంకా తేలలేదు. లిస్టింగులు మా దేశపు సైట్లో రెండు, బయట దేశాల సైట్లలో ఒక్కోటి. తొమ్మిదో రోజుకి మళ్లీ వచ్చినదీ, జవాబు లేనిదీ బయటివే.

నీలిముద్ర
సగం జవాబు మీ మాటల్లోనే దొరికింది. ట్రేడ్‌మార్కు ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశం వరకే. ఒకే కంపెనీ సైటైనా సరే, బయట దేశపు పేజీ మీద మీ దేశపు సర్టిఫికెట్ చూపిస్తే పక్కన పడేస్తారు. క్లాసు సరిపోయింది. ట్రేడ్‌మార్కుల కోసం వస్తువుల్నీ సేవల్నీ విడదీసే అంతర్జాతీయ జాబితా, నీస్ వర్గీకరణలో 45 క్లాసులున్నాయి, 1 నుంచి 34 దాకా వస్తువులు, 35 నుంచి 45 దాకా సేవలు. నీళ్లు శుద్ధిచేసే పరికరాలు 11లోకే వస్తాయి.

తొందరగా చేయాల్సింది లోగో విషయం. పారిస్ ఒప్పందం ప్రకారం మొదటి అప్లికేషన్ వేసిన తేదీ నుంచి 6 నెలల్లోపు వేరే దేశాల్లో వేస్తే అక్కడా మొదటి తేదీయే లెక్కకొస్తుంది. నాలుగు నెలలు అయిపోయాయన్నారు, మిగిలింది రెండు. మాడ్రిడ్ పద్ధతిలో ఒకే అప్లికేషన్ మీద కావలసిన సభ్యదేశాలన్నీ ఎంచుకోవచ్చు. పెండింగులో ఉన్న లోగో అప్లికేషన్ కూడా దానికి పునాదిగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, అంతర్జాతీయ రిజిస్ట్రేషన్ 5 ఏళ్ల దాకా ఆ పునాది మీదే నిలబడుతుంది. మీ దేశంలో లోగో కొట్టేస్తే మిగతా దేశాల్లోనూ కూలుతుంది. అందుకని రిజిస్టరైన పేరుని ఒక పునాదిగా, లోగోని ఇంకో పునాదిగా విడివిడిగా వేయడం మేలు.

సరుకుసంచి
ఇదంతా అయ్యేసరికి సీజన్ గడిచిపోతుంది. మీ పేరుతో మీ అనుమతి లేకుండా ఎవడు అమ్ముతున్నా సరే, అందరి మీదా నకిలీ అని పెట్టేయండి. పది పెడితే ఏడు పోతాయి. మిగతావాళ్లు భయపడి వాళ్లే తప్పుకుంటారు.

తూకంరాయి
సరుకుసంచి గారూ, ఈ సలహా చాలా ప్రమాదం. అనుమతి లేకుండా అమ్మడం వేరు, నకిలీ అమ్మడం వేరు. మీ డీలరు దగ్గర అసలు సరుకు కొని ఎవరైనా తిరిగి అమ్మితే చాలా దేశాల్లో అది తప్పు కాదు. మొదటి అమ్మకంతోనే ఆ ఒక్క వస్తువు మీద మార్కు హక్కు తీరిపోతుంది. వేరే దేశంలో మొదట అమ్మిన సరుకుకి కూడా ఇదే వర్తిస్తుందా లేదా అన్నది ఏ దేశానికి ఆ దేశం తేల్చుకుంటుంది. మేధోహక్కుల మీద ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు చేసుకున్న ట్రిప్స్ ఒప్పందం 6వ అధికరణం ఆ విషయాన్ని దేశాలకే వదిలేసింది.

నకిలీ అంటే ఏమిటో కూడా అదే ఒప్పందం 51వ అధికరణం కింద రాసి ఉంది. రిజిస్టరైన మార్కునే, లేదా ముఖ్యమైన అంశాల్లో దానికి తేడా పట్టలేని మార్కునే, అదే రకం వస్తువు మీద అనుమతి లేకుండా వేయడం. ఇందులో ధర తగ్గించి అమ్మడం లేదు, మన డీలరు కాకపోవడం లేదు.

అసలు సరుకు అమ్మేవాడి మీద నకిలీ అని పెడితే అతను కొనుగోలు బిల్లులు చూపిస్తాడు. మీ ఫిర్యాదు తప్పని రికార్డులో పడుతుంది. రెండు మూడు సార్లు ఇలా జరిగితే మీ నిజమైన ఫిర్యాదుల్ని కూడా అనుమానంతో చూస్తారు. ఐరోపా డిజిటల్ సేవల చట్టం 23వ అధికరణం ప్రకారం, ఆధారం లేని ఫిర్యాదులు తరచూ పెట్టేవాళ్ల ఫిర్యాదుల్ని మార్కెట్‌ప్లేస్‌ల లాంటి వేదికలు కొంతకాలం ఆపేయాలి. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ అనే కాపీరైటు చట్టం కింద తెలిసీ అబద్ధపు కాపీరైటు నోటీసు ఇస్తే నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. అవతల ఉన్నవాడిదీ బతుకుతెరువే, గుర్తుంచుకోండి.

సరుకుసంచి
ఒప్పుకుంటాను, నకిలీ అన్న మాట తొందరపడి వాడకూడదు. కానీ అసలు సరుకైనా వారంటీ లేకుండా, సీలు విప్పి, బ్యాచ్ నంబరు గీకేసి అమ్మితే? అది కూడా చూస్తూ ఊరుకోవాలా?

తూకంరాయి
అక్కర్లేదు. వస్తువు పరిస్థితి మారితే హక్కు మళ్లీ లేస్తుంది. నంబరు గీకేసినవీ, డబ్బా మార్చినవీ, కొత్తదని చెప్పి వాడినది పంపినవీ ఈ కోవలోకే వస్తాయి. అది కూడా ట్రేడ్‌మార్కు ఫిర్యాదే, కాకపోతే "నకిలీ" గడిలో కాదు. ఉన్న తేడా ఉన్నట్టు రాయండి, చాలు.

అచ్చుగుద్దు
కొని చూడటం గురించి గుమాస్తా గారు ఒక్క మాటతో వదిలేశారు. అసలు పనంతా అందులోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఆర్డర్ పెట్టే ముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీయండి. పేజీ చిరునామా, తేదీ, సెల్లర్ పేరు, "అమ్మేది ఎవరు, పంపేది ఎవరు" అన్న లైను, ఇవన్నీ కనబడాలి. కంపెనీ పేరుతో కొనకండి, మామూలు కొనుగోలుదారుగా కొనండి. సెల్లర్‌కి రెండు చొప్పున తీసుకోండి. ఒకటి కోసి చూడ్డానికి, ఒకటి సీలు తీయకుండా దాచడానికి. బయట దేశపు సైటైతే ఆ దేశపు చిరునామాకే తెప్పించండి. అమ్మకం అక్కడే జరిగిందని తేలాలి.

పార్సిల్ రాగానే కత్తి పట్టుకోకండి. ఆరు వైపులా లేబుళ్లు కనబడేలా తిప్పి చూపిస్తూ వీడియో మొదలుపెట్టి, ఆపకుండా ఒకే టేకులో విప్పండి. మధ్యలో వీడియో తెగితే "వస్తువు మార్చారు" అంటారు. పంపినవారి చిరునామా ఉన్న లేబుల్ చింపకండి, అది తర్వాత పనికొస్తుంది. డబ్బు వెనక్కి వస్తుంది కదా అని వస్తువు తిప్పి పంపొద్దు. ఆధారం పోతుంది, పైగా ఆ వస్తువు మళ్లీ ఇంకొకరికి చేరొచ్చు.

ఇక పోలిక. కార్ట్రిడ్జి కాబట్టి ఇవి చూడండి:
- పొడిగా ఉన్నప్పుడు బరువు. లోపల కార్బన్ తగ్గించినా, రకం మార్చినా తూకం చెప్పేస్తుంది. అసలువి పది తూచి ఎంతెంత తేడా వస్తుందో ముందు రాసుకోండి, ఒక్కదానితో పోల్చొద్దు.
- ప్లాస్టిక్ మూత మీద అచ్చులోకి కరిగిన ప్లాస్టిక్ దిగే చోట చిన్న బొడ్డులా గుర్తు ఉంటుంది. అచ్చులోంచి బయటికి తోసే పిన్నుల గుండ్రటి ముద్రలూ ఉంటాయి. ఆ ముద్రలు వేరే చోట ఉన్నాయంటే అచ్చే వేరన్నమాట. నకిలీ చేసేవాడు లోగో కాపీ కొడతాడు గానీ ఈ గుర్తుల జోలికి పోడు.
- డబ్బా ప్రింటు మీద భూతద్దం పెట్టండి. మీ లోగో ప్రత్యేక ఇంకుతో ఒకే రంగుగా అచ్చయి ఉంటే అంచు నున్నగా ఉంటుంది. స్కాన్ చేసి కొట్టినదైతే నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా కనబడతాయి.
- బ్యాచ్ నంబరు. మీరు డబ్బా మూశాక వేస్తారు కాబట్టి అది ప్రింటు పైన, కొద్దిగా వంకరగా అయినా సరే, విడిగా ఉంటుంది. నకిలీల్లో చాలాసార్లు డబ్బా డిజైన్లో భాగంగానే అచ్చయిపోతుంది.

వేగుచుక్క
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అచ్చుగుద్దు గారూ. మా దేశపు సైట్లో లిస్టింగు మీద ఎక్కిన ఇద్దరి దగ్గరా కొన్నాను, నాలుగు కార్ట్రిడ్జులు. ఇద్దరూ పంపిన నాలుగు డబ్బాల మీదా బ్యాచ్ నంబరు ఒక్కటే! ఆ నంబరుతో మేము తయారుచేసింది నిజమే, కానీ ఆ బ్యాచంతా ఒక సంస్థకి నేరుగా పంపేశాం, ఆన్‌లైన్‌లో ఒక్కటీ పెట్టలేదు. బరువు మా పది కార్ట్రిడ్జుల్లో అన్నిటికన్నా తేలికైనదాని కన్నా దాదాపు ఐదో వంతు తక్కువ. పిన్ను ముద్రలు మావి నాలుగు, వాళ్లవి మూడు.

అచ్చుగుద్దు
బంగారం లాంటి ఆధారం దొరికింది. మీ ఒక్క డబ్బాని స్కాన్ చేసి వేలల్లో అచ్చుకొట్టారు. బ్యాచ్ రిజిస్టరులో ఆ పేజీ, ఆ సంస్థకి పంపిన ఇన్వాయిస్ దాచిపెట్టండి. ఇద్దరు సెల్లర్లదీ ఒకే నంబరు కాబట్టి సరఫరా ఒకచోట నుంచే వస్తుండొచ్చు.

ఒక హెచ్చరిక. ఫిర్యాదులో పిన్ను ముద్రల సంగతి రాయొద్దు. మీరు రాసింది సెల్లర్‌కి చేరే అవకాశం ఉంది. అన్ని తేడాలూ చెప్పేస్తే తర్వాతి సరుకులో అవి సరిచేసుకుని వస్తారు. బ్యాచ్ నంబరు, బరువు, ఈ రెండూ చాలు. మిగతావి కోర్టుకీ కస్టమ్స్‌కీ దాచండి.

చిత్రిక
ఫిర్యాదులో ఇచ్చే ఈమెయిల్ కూడా సెల్లర్‌కి వెళ్తుంది. దానికోసం విడిగా ఒకటి తెరవండి, సొంతది ఇవ్వకండి.

ఫోటోల గురించి: ఆ ఫోటోలు తీసిందెవరు? బయటి ఫోటోగ్రాఫరైతే చాలా దేశాల్లో రాతపూర్వకంగా రాసిచ్చేదాకా కాపీరైటు అతనిదే, మీరు డబ్బు కట్టినా సరే. ఒక పేజీ బదిలీ పత్రం రాయించుకోండి. కాపీరైటు మీద కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కాపీరైటు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి, మార్కు లేని బయట దేశాల్లో ప్రస్తుతానికి మీ చేతిలో ఉన్న ఆయుధం ఇదొక్కటే. కెమెరాలోని అసలు ఫైళ్లు, మీ సైట్లో మొదట పెట్టిన తేదీ జత చేయండి.

దీని బలహీనత కూడా తెలుసుకోండి. వాడు సొంతంగా ఫోటో తీసుకుని పెడితే కాపీరైటు ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. తొమ్మిదో రోజు తిరిగొచ్చిన పేజీలో ఫోటోలు మీవేనా, మారాయా?

వేగుచుక్క
మారాయి. మీరన్నట్టే డబ్బాని బల్ల మీద పెట్టి కొత్తగా తీశారు. మా ఫోటోలు మా ఉద్యోగే తీసింది.

గుమాస్తా77
ఉద్యోగి డ్యూటీలో తీసినవైతే చాలా దేశాల్లో కంపెనీవే, ఒప్పందంలో ఆ లైను ఉందో లేదో చూసుకోండి.

సొంత దేశపు సైట్లో ఇద్దరికీ ఇలా రాయండి, ఒక్క మాట ఎక్కువ వద్దు: "ఫలానా లిస్టింగులో ఫలానా సెల్లర్ నుంచి ఫలానా తేదీన కొన్నాం, ఆర్డర్ నంబరు ఇది. వచ్చిన వస్తువు మీద మా రిజిస్టర్డ్ మార్కు ఉంది, నంబరు ఇది, క్లాసు 11. దీన్ని మేము తయారుచేయలేదు, తయారుచేయమని ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. దీని మీదున్న బ్యాచ్ నంబరు సరుకంతా ఒకే సంస్థకి నేరుగా అమ్మాం, చిల్లరలోకి రాలేదు. బరువు మా కనిష్ఠం కన్నా ఇంత తక్కువ. ఫోటోలు 3 జతచేశాం."

కోపం, బెదిరింపు, వకీలు భాష, ఏవీ వద్దు. సైటంతా నకిలీలేనని రాయడం అసలే వద్దు. 2010లో అమెరికా అప్పీలు కోర్టు నగల కంపెనీ టిఫనీకీ, ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేకీ మధ్య కేసులో చెప్పింది ఇదే. నకిలీలు ఉన్నాయని మొత్తం మీద తెలిసినంత మాత్రాన వేదిక బాధ్యురాలు కాదు, ఫలానా లిస్టింగు అని తెలియాలి. కాబట్టి ఎప్పుడూ లిస్టింగు చిరునామా, సెల్లర్, ఆర్డర్ నంబరు ఇవ్వండి.

పడమటిగాలి
మళ్లీ మళ్లీ మొలవడం గురించి ఎవరూ చెప్పలేదు. లిస్టింగు ఆకు, సెల్లర్ ఖాతా కొమ్మ, సరఫరాదారు వేరు. మీరు ఆకులు తుంచుతున్నారు.

ఒక పట్టిక మొదలుపెట్టండి. ప్రతి నకిలీ లిస్టింగుకీ ఒక వరస: సెల్లర్ పేరు, చూపించిన చిరునామా, పార్సిల్ మీది చిరునామా, ఫోటో వెనక కనబడే బల్ల, వర్ణనలో అక్షరదోషాలు, బ్యాచ్ నంబరు, ధర, తీసేసిన తేదీ, తిరిగొచ్చిన తేదీ. ఇరవై వరసలు చేరేసరికి ఎవరెవరు ఒకటో తెలిసిపోతుంది. వర్ణనలోని అక్షరదోషం వేలిముద్రలా పనిచేస్తుంది, పేరు మార్చుకున్నవాడు వర్ణన మాత్రం కాపీ చేసి అతికిస్తాడు. అప్పుడు లిస్టింగు మీద కాకుండా, "ఈ ఐదు ఖాతాలూ ఒకరివే, ఇవిగో ఆధారాలు" అని ఖాతాల మీద ఫిర్యాదు పెట్టండి.

సెల్లర్ ఎవరో తెలుసుకునే దారులు ఇప్పుడు పెరిగాయి. ఐరోపా డిజిటల్ సేవల చట్టం 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. చిన్న కంపెనీల వేదికల్ని మినహాయిస్తే, వ్యాపారి పేరు, చిరునామా, గుర్తింపు, చెల్లింపు ఖాతా వివరాలు తీసుకోకుండా అమ్మనివ్వకూడదు. అమెరికాలో ఇన్‌ఫార్మ్ చట్టం 2023 జూన్ 27న అమల్లోకి వచ్చింది. 12 నెలల్లో 200 అమ్మకాలు, 5,000 డాలర్ల రాబడి దాటిన సెల్లర్ల వివరాలు వేదిక సేకరించి సరిచూడాలి.

ఇంకోటి, మీ సొంత సరుకు ఆ మార్కెట్‌ప్లేస్ వేర్‌హౌస్‌లో పెడుతున్నారా? కొన్నిచోట్ల ఒకే బార్‌కోడ్ ఉన్న సరుకంతా ఎవరిదైనా సరే కలిపేస్తారు. అలా కలిస్తే మీ దగ్గర ఆర్డర్ పెట్టినవాళ్లకే నకిలీ వెళ్తుంది, చెడ్డ రివ్యూ మీకు పడుతుంది. మీ ఖాతాకి మాత్రమే చెందే లేబుల్ అంటించే పద్ధతి ఉంటే ఈరోజే మార్చండి.

సరుకుసంచి
డబ్బా మీద హోలోగ్రామో క్యూఆర్ కోడో వేస్తే సరిపోదా?

అచ్చుగుద్దు
హోలోగ్రామ్ ఉపయోగం తక్కువ. అసలుది ఎలా ఉంటుందో కొనేవారికి తెలియదు, మెరిసేది ఏదున్నా నమ్ముతారు. అన్ని డబ్బాలకీ ఒకే క్యూఆర్ కోడ్ వేస్తే దాన్నీ స్కాన్ చేసి కొట్టేస్తారు. ప్రతి డబ్బాకీ వేరే కోడ్ ఉండాలి, అదీ వరసగా 1001, 1002 అని కాదు, ఊహించలేని నంబరు కావాలి. ఒకే కోడ్‌ని వేర్వేరు ఊళ్ల నుంచి పదిమంది స్కాన్ చేస్తే నకిలీ ఎక్కడ తిరుగుతోందో మీకు తెలుస్తుంది. అమెజాన్ ట్రాన్స్‌పరెన్సీ లాంటి పథకాల్లో ఆ కోడ్ లేని వస్తువు గిడ్డంగి దాటదు. కానీ కోడ్ ముద్రించడం మొదలుపెట్టాక ఒక్క డబ్బా కూడా కోడ్ లేకుండా పోకూడదు, పోతే మీ సరుకే ఆగుతుంది.

రేవుగట్టు
బ్యాచ్ అంతా ఒకచోట అచ్చయి దేశంలోకి వస్తుంటే కస్టమ్స్ దగ్గర మార్కు నమోదు చేయించండి. ట్రిప్స్ 51వ అధికరణం ప్రకారం సభ్యదేశాలన్నీ దిగుమతి నకిలీల్ని ఆపే ఏర్పాటు పెట్టాలి. ఆపాక హక్కుదారు 10 పనిదినాల్లో కేసు మొదలుపెట్టకపోతే సరుకు వదిలేస్తారు. తగిన కారణం ఉంటే ఇంకో 10 ఇస్తారు. కబురు వచ్చిన రోజే కదలాలి, వకీలుని అప్పుడు వెతుక్కుంటే గడువు దాటిపోతుంది.

అక్కడి అధికారికి మీ దగ్గర నుంచి కావలసింది ఒక పేజీ కాగితం. అసలు, నకిలీ పక్కపక్కన ఫోటోలు, బరువు హద్దులు, మీరు దిగుమతి చేయించే దారులు, మీ అనుమతి ఉన్నవారి జాబితా. అచ్చుగుద్దు గారు దాచమన్న పిన్ను ముద్రలు ఇక్కడ చెప్పండి. ఇరవై పేజీల పుస్తకం ఇస్తే గంటకి వందల పెట్టెలు చూసే మనిషి చదవలేడు.

చిన్న పార్సిళ్లు ఒక చిక్కు. ట్రిప్స్ 60వ అధికరణం వ్యాపారానికి కాని చిన్న మొత్తాల్ని వదిలేయడానికి దేశాలకి వెసులుబాటు ఇచ్చింది. ఐరోపా సమాఖ్యలో మాత్రం చిన్న పార్సిళ్లకి ప్రత్యేక పద్ధతి ఉంది. 3 వస్తువులు మించకపోయినా, బరువు 2 కిలోల లోపు ఉన్నా, మీరు ముందే ఒప్పుకుని ఉంటే ప్రతిసారీ మిమ్మల్ని అడగకుండానే ధ్వంసం చేయగలరు. అప్లికేషన్లో ఆ గడి మర్చిపోకండి.

చిత్రిక
కార్ట్రిడ్జి ఆకారానికి డిజైన్ రిజిస్ట్రేషన్ ఇప్పుడు కుదురుతుందా? పేరు లేకుండా అదే ఆకారం అమ్మేవాళ్లూ వస్తారు కదా.

నీలిముద్ర
బజారులోకి వచ్చేసిన ఆకారం కొత్తది కాదు కాబట్టి చాలాచోట్ల ఆలస్యమైనట్టే. ఐరోపా సమాఖ్యలోనూ అమెరికాలోనూ సొంతదారు బయటపెట్టిన 12 నెలల్లోపు వేసుకోవచ్చు. అన్ని దేశాల్లో ఆ వెసులుబాటు లేదు. తర్వాతి మోడల్‌కి మాత్రం ఫోటో బయటికి రాకముందే వేయండి. పేటెంటు గడి ప్రస్తుతం మర్చిపోండి. వస్తువు చూసి పేటెంటు సంగతి తేల్చే పని వేదికలు నెత్తిన వేసుకోవు. అమెజాన్ అమెరికా సైట్లో తటస్థ నిపుణుడి చేత పేటెంటులోని ఒకే ఒక్క క్లెయిమ్ (హక్కు కోరే అంశం) మీద తేల్పించే పద్ధతి ఉంది, దానికీ అమెరికా పేటెంటు చేతిలో ఉండాలి.

వేగుచుక్క
విడివిడిగా పెట్టాను. మా దేశపు సైట్లో ఇద్దర్నీ తీసేశారు. బయట దేశంలో ఒక పేజీ కాపీరైటు మీద పోయింది, అది అమెరికా సైటు. ఇప్పుడు ఆ సెల్లర్ "ఫోటోలు నావే" అని కౌంటర్ నోటీసు ఇచ్చాడు. ఏం చేయాలి?

గుమాస్తా77
డీఎంసీఏ కింద అయితే గడియారం నడుస్తోంది. కౌంటర్ నోటీసు అందాక 10 నుంచి 14 పనిదినాల మధ్య పేజీ మళ్లీ పెట్టేస్తారు. ఆపాలంటే ఈలోపు మీరు కోర్టులో కేసు వేసినట్టు వేదికకి చూపాలి. మెయిల్ మీద మెయిల్ రాస్తే ఆగదు. కౌంటర్ నోటీసులో అతను అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ఒప్పుకుంటూ సంతకం చేసి, పేరు, చిరునామా, ఫోను ఇచ్చి ఉండాలి. ఆ చిరునామా మీ పట్టికలో పార్సిల్ లేబుళ్ల పక్కన పెట్టి చూడండి.

వేగుచుక్క
చూశాను. మా దేశంలో తీసేయించిన ఇద్దరిలో ఒకరి పార్సిల్ మీదున్న చిరునామా, ఇతను ఇచ్చినదీ ఒకటే. గది నంబరుతో సహా.

పడమటిగాలి
ఇక ఫోటోల గొడవ ఒక్కదానితో కాకుండా మూడూ కలిపి వకీలు చేతికివ్వండి. బ్యాచ్ నంబరు, ఈ చిరునామా, సంతకంతో ఇచ్చిన నోటీసు. పోయిన రెండు ఖాతాల సంగతి కూడా ఆ సైటుకి తెలియజేయండి.

తూకంరాయి
ఇప్పటికే కొన్నవాళ్ల సంగతి మరవకండి. నకిలీ అని తేలాక కొన్నవారికి చెప్పమని వేదికని రాతపూర్వకంగా అడగండి. ఐరోపా చట్టం 32వ అధికరణం గత 6 నెలల్లో కొన్నవారికి తెలియజేయమనే చెప్తోంది. మిగతాచోట్ల ఆ అధికరణం లేకపోయినా అడగొచ్చు.

వేగుచుక్క
ఆ ఉత్తరం ఇప్పుడే పంపాను. మా సైట్లో మొదటి పేజీ పైన ఆ బ్యాచ్ నంబరు పెద్ద అక్షరాల్లో పెట్టి, "ఈ నంబరు ఆన్‌లైన్‌లో కొని ఉంటే వాడటం ఆపండి, డబ్బా ఫోటో పంపండి" అని రాశాం. గంటలో రెండు ఫోటోలు వచ్చాయి. రెండింటి మీదా అదే నంబరు, పార్సిల్ లేబుల్ మాత్రం ఇప్పటిదాకా పట్టికలో లేని సెల్లర్‌ది.